చర్చిని పట్టాల మీద నడిపిన ఇంజినీరు గురించి అమ్మాయికి

అమ్మలూ,

మొన్న ఫోన్లో ఆ రుమేనియా ఇంజినీరు గురించి చెప్పబోతే నీ సైట్లో జేసీబీ చప్పుడుకి సగం కూడా వినబడలేదు. ఫోన్లో తేలే సంగతి కాదులే, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆయన పేరు ఎవుజేనియు యోర్దకెస్కు. 1929లో పుట్టారు. 2019 జనవరిలో, 89 ఏళ్ల వయసులో పోయారు. బుఖారెస్ట్‌లో ప్రభుత్వ డిజైన్ సంస్థలో సివిల్ ఇంజినీరుగా పనిచేశారు. కూల్చెయ్యమని ఆర్డరు వచ్చిన చర్చిలను కూల్చకుండా, నిలువెత్తున ఉన్నవి ఉన్నట్టే పట్టాల మీద పక్కకు జరిపించిన మనిషి. అలా డజను దాకా చర్చిలు బతికాయి. నా సర్వీసులో మన శాఖలోనూ బయటా గొప్ప ఇంజినీర్లను చాలామందిని చూశాను. పుస్తకాల ద్వారా మరికొందరిని తెలుసుకున్నాను. ఈయన మీద ఉన్నంత గౌరవం నాకు ఇంకెవరి మీదా లేదు. ఎందుకో చెప్తాను.

ముందు ఆ కాలం సంగతి తెలియాలి. 1977 మార్చి 4 రాత్రి రుమేనియాలో పెద్ద భూకంపం వచ్చింది. 1,500 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బుఖారెస్ట్‌లోనే. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది నికొలాయ్ చౌషెస్కు. భూకంపం దెబ్బతీసిన ఊరిని బాగుచేయించాల్సింది పోయి, పాత ఊరిని తుడిచేసి తనకు నచ్చిన ఊరు కట్టుకోవడానికి అతనికి సాకు దొరికింది. అదే ఏడాది పాత కట్టడాల రక్షణ చూసే ప్రభుత్వ విభాగాన్ని రద్దు చేశాడు. ఇక అడ్డు చెప్పేవాళ్లు ఎవరు? ఊరి మధ్యలో గుట్ట మీద ఉరానుస్ అనే పాత పేట ఉండేది. రాళ్లు పరిచిన సందులు, తోటల ఇళ్లు, మఠాలు. అక్కడ ఒక మహాభవనం, దాని ముందు ఒక పెద్ద బులెవార్డు రావాలన్నాడు. 1984 జూన్‌లో శంకుస్థాపన చేశాడు. ఆ పనికోసం సుమారు 40,000 మందిని ఇళ్లలోంచి లేపేశారు. కొందరికైతే సామాను సర్దుకునే టైము కూడా ఇవ్వలేదు. చర్చిలు, మఠాలు, ఆస్పత్రులు అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

ఈ లిస్టులో స్కీతుల్ మైచిలోర్ అనే చిన్న మఠం ఉంది. సన్యాసినుల మఠం. దాని చర్చి 1726లో కట్టింది. దాన్ని కూల్చాలన్నారు. యోర్దకెస్కు జరపవచ్చన్నారు. తోటి ఇంజినీర్లు నీకు మతి పోయిందా అన్నారట. వాళ్లను తప్పు పట్టలేం. రెండున్నర శతాబ్దాల నాటి ఇటుక గోడలు, సున్నం, లోపల గోడల నిండా బొమ్మలు, దానికి తోడు భూకంపంలో ఊగిన కట్టడం.

ఆయనకు ఆలోచన ఎలా తట్టిందో ఆయనే చెప్పారు. ఒక రెస్టారెంట్లో వెయిటరు నిండు గ్లాసులతో జనం మధ్యలోంచి వెళ్తుంటే ఆయన చూస్తూ ఉన్నారట. చుక్క ఒలకడం లేదు. వెయిటరు నేర్పు ఒకటే కాదు, గ్లాసులన్నీ ట్రే మీద ఉన్నాయి, అందుకే అనిపించిందట. అంతే. చర్చి కింద ఒక ట్రే పెట్టాలి.

నువ్వు స్ట్రక్చర్స్ చదివినదానివి కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. అసలు రసమంతా ఇక్కడే ఉంది.

బయటివాళ్లు అనుకునేది ఏమిటంటే, అంత బరువును తోయడమే కష్టమని. నువ్వే లెక్క కట్టు. స్కీతుల్ మైచిలోర్ చర్చి బరువు 745 టన్నులు. రోలర్ల మీద రాపిడి నూటికి నాలుగైదు వంతులు అనుకున్నా 30 నుంచి 40 టన్నుల తోపు చాలు. అది హైడ్రాలిక్ జాకీలకు లెక్కే కాదు. కష్టం తోయడంలో లేదు, ట్రే వేయడంలో ఉంది. నిలబడి ఉన్న గోడ కింద పునాదిని కోసి, అక్కడ ఆర్‌సీసీ బీములు పొయ్యాలి. మొత్తం ఒకేసారి కోస్తే గోడ కూర్చుంటుంది. అందుకని కొద్ది కొద్ది ముక్కలుగా కొయ్యాలి. ఒక ముక్క కోసి, కడ్డీ కట్టి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక దానికి దూరంగా ఉన్న ఇంకో ముక్క. అలా గోడల కింద అంతటా బీముల చట్రం అల్లుకుంటూ రావాలి. చివరికి కట్టడం బరువంతా భూమి మీదినుంచి ఆ చట్రం మీదికి వస్తుంది. అప్పుడు దాని కింద జాకీలు పెట్టి కాస్త లేపుతారు. పట్టాలు జొనుపుతారు. అవతల కొత్త పునాది ముందే సిద్ధంగా ఉంటుంది.

ఇక కదిలేటప్పుడు అసలు టెన్షన్ అంతా ఒక్కదాని గురించే. ఒక మూల ఇంకో మూల కంటే కొద్ది మిల్లీమీటర్లు దిగినా సున్నపు గోడ పగుల్తుంది. నీకు తెలుసు, ఇటుక కట్టడం నొక్కుడు ఎంతైనా తట్టుకుంటుంది గానీ లాగుడుకు నిలవదు. దారి పొడవునా కింద నేల ఒకేలా ఉండదు. ఒకచోట గట్టి నేల, ఇంకోచోట పాత బావి పూడ్చిన మట్టి. అందుకని చర్చి కదిలే ప్రతి అడుగు కిందా ముందే నేల చూసుకుని, పట్టాల కింద దిమ్మ కట్టుకోవాలి. పొరపాటుకు తావు లేదు. ఎక్కడైనా పగిలిందా, మరుసటి ఉదయమే బుల్‌డోజర్ వస్తుంది. ఇంకో చర్చి జరుపుతామని అడిగే నోరు కూడా ఉండదు.

1982లో ఆ చర్చి 245 మీటర్లు ప్రయాణం చేసి కొత్త పునాది మీద కూర్చుంది.

కట్టడాలను జరపడం లోకంలో అదే మొదలని చెప్పను. 1975లోనే చెకోస్లోవేకియాలో మోస్ట్ అనే ఊళ్లో బొగ్గుగని కోసం ఒక పెద్ద రాతి చర్చిని 841 మీటర్లు జరిపారు. కానీ అక్కడ ప్రభుత్వమే పూనుకుని చేయించింది. ఇక్కడ ప్రభుత్వం కూల్చమంది. ఆ తేడా చిన్నది కాదు. యోర్దకెస్కు ప్రతి చర్చికీ విడిగా అనుమతి తెచ్చుకోవాలి, పై అధికారులకు నచ్చజెప్పాలి. రోడ్డు పనికి ఆలస్యం కానివ్వకూడదు. రోడ్డు ఆలస్యమైతే చర్చి పోయినట్టే.

నీకు ఒక సందేహం రావచ్చు. మనవాళ్లు ఆలంపురంలో చేసినట్టు విప్పి మళ్లీ కట్టొచ్చు కదా అని. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, ఆలంపురం తెచ్చి నిలబెట్టారు. అది కుదిరింది, ఎందుకంటే అది రాతి గుడి. రాయి మీద రాయి కూర్చోబెట్టిన కట్టడం. ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకుంటే అదే గుడి తిరిగి వస్తుంది. బుఖారెస్ట్ చర్చిలు ఇటుకవి. పైన గారపూత, పూత మీద బొమ్మలు. విప్పితే ఇటుకల కుప్ప మిగులుతుంది, పూత పొడి అయిపోతుంది. అందుకని వాటిని కదిపితే ఒకే ముక్కగా కదపాలి. ఏ కట్టడాన్ని ఎలా కాపాడాలో దాని సరుకే చెప్తుంది. డిజైన్ ఆఫీసులో కూర్చుంటే ఇది మర్చిపోతాం.

యోర్దకెస్కు పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది మిహాయ్ వోదా చర్చి. 16వ శతాబ్దం చివర్లో మిహాయ్ అనే పాలకుడు కట్టించిన మఠం అది. రుమేనియన్లకు అతను జాతి వీరుడు. అది గుట్ట మీద ఉండేది. 1985లో చర్చినీ దాని గంటస్తంభాన్నీ 289 మీటర్లు జరిపారు. దూరం ఒక్కటే కాదు, 6.2 మీటర్లు కిందికి కూడా దింపారు. సమంగా ఉన్న నేల మీద జరపడం ఒక ఎత్తు, అంత బరువును వాలులో పట్టు తప్పకుండా దింపడం ఇంకో ఎత్తు. తోయడం కాదు, ఆపుకోవడం అక్కడ పని. ఆంతిమ్ మఠంలోని సినడ్ (చర్చి పెద్దల సభ) భవనం 9,000 టన్నులు. దాన్నీ జరిపారు.

ఆ తర్వాత చర్చిలే కాదు, జనం కాపురం ఉన్న అపార్టుమెంట్లు కూడా జరిపారు. 1987లో ఆల్బా యూలియా అనే ఊళ్లో బులెవార్డుకు అడ్డంగా 100 మీటర్ల పొడవు బ్లాకు ఒకటి ఉంటే, దాన్ని మధ్యకు రెండుగా కోసి పక్కకు జరిపి, సందులోంచి రోడ్డు వేశారు. 7,600 టన్నులు, 80 ఫ్లాట్లు. లోపల మనుషులు ఉండగానే. ఒకావిడ బాల్కనీ అంచున నీళ్ల గ్లాసు పెట్టి చూసిందని, చుక్క ఒలకలేదని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మన దగ్గర హర్యానా నుంచి వచ్చే కాంట్రాక్టర్లు రోడ్డు కంటే పల్లమైన ఇళ్లను జాకీలతో నాలుగడుగులు లేపుతుంటే జనం గుంపులుగా చూస్తారు కదా. ఆ నలభై ఏళ్ల కిందటి జనం ఎలా చూసి ఉంటారో ఊహించు.

ఇంతవరకూ రాసింది చదివి నువ్వు సంబరపడతావని తెలుసు. కానీ ఇది సగం కథే. నీకు మిగతా సగం కూడా చెప్పకపోతే నేను తప్పు చేసినవాణ్ణవుతాను.

ఇప్పుడు బుఖారెస్ట్ వెళ్లి మిహాయ్ వోదా చర్చి చూడాలంటే వెతుక్కోవాలి. గుట్ట మీద నలుదిక్కులా కనబడుతూ ఉండాల్సిన చర్చి ఎత్తైన అపార్టుమెంట్ బ్లాకుల వెనక, సందులో ఉంది. మిగతావీ అంతే. రోడ్డు మీద వెళ్లేవాడికి కనబడకుండా బ్లాకుల వెనక్కి నెట్టిన చర్చిలు అవి. పాలకుడికి కావాల్సింది కూడా అదే. కూలిస్తే చెడ్డపేరు, దాస్తే సరిపోతుంది. పైగా కదిలింది చర్చి మాత్రమే. మిహాయ్ వోదా చుట్టూ ఉన్న మఠం గదులు, ప్రభుత్వ పత్రాల భాండాగారం ఉన్న భవనాలు కూల్చేశారు. స్కీతుల్ మైచిలోర్ చుట్టూ సన్యాసినులు ఉన్న గదులూ పోయాయి. చర్చి మిగిలింది, మఠం పోయింది.

అసలు కదలకుండానే పోయినవి మరీ ఎక్కువ. వకరేష్ట్ మఠం 18వ శతాబ్దంలో కట్టిన చాలా పెద్ద మఠం. తర్వాత చాలా కాలం జైలుగా వాడారు. చివరికి దాన్ని బాగుచేసే పని మొదలయ్యాక, 1980ల మధ్యలో పూర్తిగా నేలమట్టం చేశారు. స్ఫింత వినేర్ చర్చిని 1987లో కూల్చారు. జనం చూస్తూ ఏడ్చారు. యోర్దకెస్కు పద్ధతి చేతిలో ఉండగానే ఇవి కూలాయి. పద్ధతి తెలియక పోలేదు, వద్దనుకున్నారు కాబట్టి పోయాయి.

అందుకని కొందరు ఆయన్ని విమర్శిస్తారు. ఆ ప్రభుత్వానికే పనిచేశాడు, వాళ్ల ప్లానుకు దారి సుగమం చేశాడు, చర్చిలను దాచిపెట్టడంలో సాయపడ్డాడు అని. నేను ఈ మాట గురించి చాలా ఆలోచించాను. నాకు ఒప్పుకోవాలనిపించలేదు. ఆయన ముందు ఉన్నది రెండే దారులు. చర్చి గుట్ట మీద నిలవడం అనే దారి ఆయన చేతుల్లో లేదు. సందులో నిలవాలా, నేలలో కలవాలా అన్నదే ఉంది. ఆయన నిలబెట్టారు. ఈ రోజు ఆ చర్చిల్లో ఆదివారం పూజలు జరుగుతున్నాయి, పెళ్లిళ్లు అవుతున్నాయి. అయితే ఒక మాట. చర్చి నిలిచింది కాబట్టి పేట కూడా నిలిచినట్టే అని ఎవరైనా అంటే మాత్రం అది అబద్ధం.

ఆ అబద్ధం చెల్లకుండా చూసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల పేర్లు కూడా నీకు తెలియాలి. దీను జురెస్కు చరిత్రకారుడు. తండ్రి కూడా పేరున్న చరిత్రకారుడే, కమ్యూనిస్టు జైల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాడు. దీను జురెస్కు, రుమేనియా వాస్తు చరిత్ర రాసిన గ్రిగోరె యోనెస్కు, ఇంకా కొందరు కలిసి కూల్చివేతలు ఆపమని నేరుగా ప్రభుత్వానికి విన్నపాలు రాశారు. ఆ రోజుల్లో అలా సంతకం పెట్టడం అంటే మాటలు కాదు. ఫలితం లేకపోయింది. జురెస్కు 1988లో దేశం వదిలి అమెరికా వెళ్లి, 1989లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేయించారు. అందులో ఏ ఊళ్లో ఏ వీధి, ఏ చర్చి, ఏ ఇల్లు పోయిందో ఫొటోలతో సహా ఉంది. కనీసం 29 పట్టణాల పాత భాగాలు నూటికి 85 నుంచి 90 వంతులు కూలిపోయాయని లెక్క తేల్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే చౌషెస్కు పడిపోయాడు. ఇంకా కొన్నేళ్లు ఉండి ఉంటే ఆ లెక్క ఎక్కడికి పోయేదో.

గెయోర్గె లియాహు అని ఒక ఆర్కిటెక్టు ఉన్నారు. ఆయన కూలబోతున్న వీధుల్లో తిరిగి నీటిరంగులతో బొమ్మలు వేసుకున్నారు. ఇంకో ఆర్కిటెక్టు ఆంద్రెయ్ పాందెలె దొంగచాటుగా ఫొటోలు తీశారు. పట్టుబడితే ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంకా చాలా పోయేది. ఉరానుస్ పేట ఎలా ఉండేదో ఈరోజు రుమేనియా పిల్లలకు తెలుస్తోందంటే ఇలాంటివాళ్ల వల్లే.

నాగార్జునసాగర్ కట్టినప్పుడు మన నాగార్జునకొండ విషయంలోనూ ఈ రెండు పనులూ జరిగాయి. కొన్ని కట్టడాలను పైన కొండ మీద తిరిగి నిలబెట్టారు. లోయ మొత్తం నీళ్ల కిందికి పోయింది. కానీ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయను తవ్వి, కొలిచి, గీసి పెట్టారు. ఆ డ్రాయింగులు లేకపోతే కొండ మీద ఉన్న విహారాలు చూసి ఇక్ష్వాకుల ఊరు ఎలా ఉండేదో మనకు అర్థమయ్యేది కాదు. జరపడం ఒక పని. రాసిపెట్టడం ఇంకో పని. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలెయ్యకూడదు.

ఇప్పుడు నీ సంగతి. రోడ్డు వెడల్పులో పోయే ఆ పాత సత్రం మీద రిపోర్టు నువ్వు రాయాలని, పైవాళ్లు "జరపడం సాధ్యం కాదు" అని ఒక్క లైను రాసెయ్యమన్నారని చెప్పావు. నిన్ను వాళ్లతో గొడవపడమని నేను చెప్పను. ఉద్యోగంలో కొత్తదానివి. కానీ ఆ లైను కింద నీ సంతకం ఉంటుంది. సాధ్యం కాదు అనేది లెక్క కట్టాక రాసే మాట. కట్టకముందు రాస్తే అది ఇంజినీరు మాట కాదు. లెక్క కట్టాక నిజంగానే కాదని తేలవచ్చు. ఖర్చు ఎక్కువని తేలవచ్చు. అవతల స్థలమే దొరకకపోవచ్చు. అప్పుడు ఆ కారణమే రాయి, అంకెలతో రాయి. ఖర్చు ఎక్కువ అయితే ఖర్చు ఎక్కువ అని రాయి. దాన్ని "సాధ్యం కాదు" అని రాయకు. ఖర్చు సంగతి నిర్ణయించాల్సింది ఊరివాళ్లు, వాళ్ల తరఫున ఆఫీసు. నువ్వు కాదు.

నువ్వు పంపిన ఫొటోల్లో ముందు వసారా స్తంభాలు టేకువి అనిపించింది, గోడలు ఇటుకా సున్నమూ. అదే నిజమైతే వసారాను విప్పుకోవచ్చు, లోపలి గదులను మాత్రం ఒకే ముక్కగా చూడాలి. పునాది ఎంత లోతు ఉందో రెండు మూలల్లో చిన్న గుంట తీయించి చూడు. పునాది రాతిదా ఇటుకదా, కింద నల్లరేగడి ఎంతవరకు ఉంది అన్నది కావాలి. రేగడి అయితే పట్టాల దారి కింద పని రెట్టింపవుతుంది, ఖర్చులో అది పెద్ద పద్దు. సున్నం బలం ల్యాబుకు పంపే ముందు వేలితో గీకి చూడు, రాలుతోందా లేదా చెప్పు.

సత్రం ఉండినా పోయినా, కొలతలు మాత్రం పూర్తిగా తీసిపెట్టు. ప్లాను, నాలుగు వైపుల ఎలివేషన్లు, తలుపుల చెక్కడం, గోడ మీద కట్టించినవాళ్ల పేర్లున్న రాయి ఉంటే దాని ఫొటో. పక్క వీధిలో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడ ఎవరెవరు దిగేవాళ్లో అడిగి రాసుకో. ఇది నీ స్కోపులో లేదని అంటారు. ఆదివారం చెయ్యి. టేపు అవతలి చివర పట్టుకోవడానికి నేను వస్తాను, మోకాలి నొప్పి ఈమధ్య తగ్గింది.

గుంటల కొలతలు ఫోన్లో చెప్పొద్దు. కాగితం మీద గీసి ఫొటో తీసి పంపు. రాఫ్ట్ లెక్క, అదే గోడల కింది ట్రే లెక్క, ఇద్దరం విడివిడిగా చేద్దాం, తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకుందాం.

మీ నాన్న